రూత్ బ్రౌన్: హిట్లు కంపెనీకి, బాకీ గాయనికి

అమెరికా నల్లజాతివాళ్ల జనప్రియ సంగీతమైన రిథమ్ అండ్ బ్లూస్ (పొట్టిగా ఆర్ అండ్ బీ) చరిత్రలో రూత్ బ్రౌన్ పేరు రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిది హిట్ పాటల జాబితా. 1950లలో నల్లజాతి శ్రోతల చార్టుల్లో 5 సార్లు మొదటి స్థానానికి చేరిన గాయని ఆమె. రెండోది ఆమె పాటలు అమ్మిన కంపెనీ పద్దుల పుస్తకం. అందులో ఆమె పేరు కింద ఏళ్ల తరబడి ఉన్నది జమ కాదు, బాకీ.

ఒక కంపెనీని నిలబెట్టిన గాయని అదే కంపెనీకి అప్పు పడటం ఎలా సాధ్యం? మోసం అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. కానీ సంగతి అంతకన్నా చిక్కైనది. నా దృష్టిలో అంతకన్నా దారుణమైనది కూడా, ఎందుకంటే అందులో చాలా భాగం సంతకాలు పెట్టిన ఒప్పందం ప్రకారమే జరిగింది. ఆమె గొంతు తరువాతి గాయకుల మీద వేసిన ముద్ర గురించి సంగీత విమర్శకులు బాగానే రాశారు. ఈ పద్దు మీద ఆమె చేసిన పోరాటం కూడా అంతే దూరం వెళ్లింది. కాబట్టి రెండింటినీ కలిపి చూడాలి.

రూత్ 1928 జనవరి 12న వర్జీనియా రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్ రేవు పట్టణంలో పుట్టింది. ఏడుగురు పిల్లల్లో పెద్దది. తండ్రి రేవులో కూలి, ఆదివారాలు చర్చి గాయక బృందానికి నాయకుడు. చర్చి పాటలు తప్ప మిగతావన్నీ ఆయన లెక్కలో సైతాను సంగీతమే. వేసవి సెలవుల్లో నార్త్ కరోలైనాలోని అమ్మమ్మ పొలంలో పత్తి ఏరుతూ పెరిగిన ఆ పిల్ల, బిల్లీ హాలిడే, డైనా వాషింగ్టన్, సారా వాన్ పాటలను చాటుగా నేర్చుకుంది. 17 ఏళ్లకు జిమ్మీ బ్రౌన్ అనే ట్రంపెట్ వాద్యకారుడితో ఇల్లు విడిచి వెళ్లిపోయింది. కొంతకాలానికి లక్కీ మిలిండర్ బృందంలో అవకాశం దొరికింది కానీ నెల తిరగకుండానే పోయింది. వాద్యకారులకు పానీయాలు తెచ్చి ఇచ్చిందన్న నెపంతో నాయకుడు ఆమెను వాషింగ్టన్‌లో వదిలేశాడు. చేతిలో ఇంటికి వెళ్లే ఖర్చులు కూడా లేవు. ప్రసిద్ధ గాయకుడు క్యాబ్ క్యాలొవే అక్క బ్లాంచ్ క్యాలొవే ఆ ఊళ్లోని ఒక క్లబ్బులో ఆమెకు పాడే పని ఇప్పించి, మేనేజరుగా కూడా నిలబడింది. తరువాతి కాలంలో వాయిస్ ఆఫ్ అమెరికాలో పేరు తెచ్చుకున్న రేడియో వ్యాఖ్యాత విల్లిస్ కానోవర్ ఆమె పాట విన్నది అక్కడే. న్యూయార్క్‌లోని అట్లాంటిక్ రికార్డ్స్‌కు కబురు పెట్టింది అతనే.

ఆ అట్లాంటిక్ అప్పటికి ఏడాది వయసున్న చిన్న సంస్థ. టర్కీ రాయబారి కొడుకు అహ్మెత్ ఎర్తెగన్, దంతవైద్యం చదివి సంగీతం వైపు వచ్చిన హెర్బ్ అబ్రామ్సన్ కలిసి 1947లో పెట్టారు. మూలధనంలో 10 వేల డాలర్లు ఎర్తెగన్‌కు తెలిసిన ఒక దంతవైద్యుడు ఇచ్చినవి. ఇద్దరికీ నల్లజాతి సంగీతమంటే నిజమైన ప్రేమ. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. రాబోయే కథలో వీళ్లను కరుడుగట్టిన దుష్టులుగా ఊహించుకుంటే అసలు విషయం అర్థం కాదు.

1948 అక్టోబరులో న్యూయార్క్‌కు వెళ్లే దారిలో, పెన్సిల్వేనియాలోని చెస్టర్ దగ్గర రూత్ ప్రయాణిస్తున్న కారు ప్రమాదానికి గురైంది. కాళ్లు నుజ్జయి నెలల తరబడి ఆస్పత్రిలో ఉండిపోయింది. ఎర్తెగన్ ఆస్పత్రికే వచ్చి ఒప్పందం మీద సంతకం చేయించుకున్నాడు. సంగీత లిపి చదవడం నేర్పే పుస్తకం కూడా తెచ్చి ఇచ్చాడని ఆమె తరువాత గుర్తు చేసుకుంది. మంచం మీద నుంచి లేవలేని 21 ఏళ్ల అమ్మాయి చూసుకున్నది ఆ పుస్తకాన్నో, రాబోయే పాటలనో అయి ఉంటుంది. ఒప్పందంలోని చిన్న అక్షరాలను ఆ వయసులో, ఆ స్థితిలో ఎవరు చదువుతారు?

1949లో వచ్చిన తొలి రికార్డు 'సో లాంగ్' నిదానమైన విరహగీతం, బాగానే ఆడింది. ఆమెకు ఇష్టమైన దారి కూడా అదే. మరుసటి ఏడాది రూడీ టూంబ్స్ రాసిన 'టియర్‌డ్రాప్స్ ఫ్రమ్ మై ఐస్' ఆమె దారినే మార్చేసింది. వేగం పెరిగింది, వెనక శాక్సఫోన్, ముందు ఆమె గొంతు. 11 వారాలు ఆర్ అండ్ బీ చార్టులో మొదటి స్థానం. 1952లో '5-10-15 అవర్స్', 1953లో 'మామా, హి ట్రీట్స్ యువర్ డాటర్ మీన్', 1954లో మరో రెండు. ఆ గొంతు ప్రత్యేకత ఎక్కడుందంటే, పదం చివర స్వరం పైకి ఎగసి ఒక్క క్షణం చిట్లుతుంది. కన్నీటికీ కేకకూ నడుమ ఎక్కడో ఆగినట్టు ఉంటుంది. పాఠశాల సంగీతంలో దాన్ని తప్పు అంటారు. రూత్ దాన్ని సంతకంగా మార్చుకుంది. తన పాటల్లో పదం చివర వచ్చే ఆ కీచు మలుపు ఆమె నుంచి తీసుకున్నదేనని రాక్ అండ్ రోల్ ఆద్యుల్లో ఒకడైన లిటిల్ రిచర్డ్ బాహాటంగా ఒప్పుకున్నాడు. లిటిల్ రిచర్డ్ పద్ధతిని ఎందరు అనుకరించారో చూస్తే, రూత్ పేరు వినకుండానే రూత్ గొంతు విన్నవాళ్లు కోట్లలో ఉంటారు.

న్యూయార్క్ యాంకీ స్టేడియంను బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్ పేరు మీద 'రూత్ కట్టిన ఇల్లు' అనేవారు. ఆ మాటనే సంగీత వ్యాపారంలో అట్లాంటిక్‌కు తగిలించారు. కంపెనీ తొలి దశాబ్దంలో నిలదొక్కుకోవడానికి ఆమె అమ్మకాలే ఆధారమన్నది అట్లాంటిక్ వాళ్లు సైతం కాదనని సంగతి.

ఇప్పుడు డబ్బు దగ్గరకు వద్దాం. ఒక పాట రికార్డు అయినప్పుడు చట్టం దృష్టిలో అందులో రెండు వేర్వేరు ఆస్తులు పుడతాయి. ఒకటి పాట: సాహిత్యం, బాణీ. అది రచయితదీ స్వరకర్తదీ, వాళ్ల ప్రచురణ సంస్థదీ. రెండోది ధ్వనిముద్రణ, అంటే ఆ రోజు ఆ స్టూడియోలో ఆ గొంతు పాడిన రూపం. అది సాధారణంగా ఖర్చు పెట్టిన కంపెనీది. గాయని ఈ రెండింటిలో దేనికీ యజమాని కాదు. ఒప్పందంలో రాసుకున్న రాయల్టీ శాతమొక్కటే ఆమెది. 2017లో ఇళయరాజా తరఫున నోటీసు వచ్చి, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికా కచేరీల్లో ఆయన బాణీలు పాడటం ఆపేసినప్పుడు మనవాళ్లు చాలామంది ఆశ్చర్యపోయారు, అన్నేళ్లు పాడిన గొంతుకు ఆ పాట మీద హక్కు లేదా అని. ఆ ప్రశ్నకు వేరు ఈ విభజనలోనే ఉంది.

అమెరికాలో దీనికి మరో మెలిక ఉంది. రేడియోలో పాట వస్తే రచయితకు, ప్రచురణకర్తకు డబ్బు వెళుతుంది, గాయనికి వెళ్లదు. రేడియో ప్రసారం రికార్డుకు ఉచిత ప్రచారం కదా అన్నది స్టేషన్ల వాదన. అంటే 1950 చివర్లో దేశమంతా 'టియర్‌డ్రాప్స్' మోగుతుంటే ప్రతి ప్రసారానికీ రూడీ టూంబ్స్ వాటా కదిలింది, రూత్‌కు రావలసింది ఏమీ లేదు.

పైగా 1909 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఒక పాట ఒకసారి రికార్డుగా వచ్చాక ఎవరైనా దాన్ని మళ్లీ పాడి అమ్ముకోవచ్చు. ప్రతి రికార్డుకు రచయిత పక్షానికి 2 సెంట్లు కడితే చాలు, మొదట పాడినవాళ్ల అనుమతి అక్కర్లేదు. జాతి వివక్ష నడుస్తున్న ఆ రోజుల్లో ఈ నిబంధన ఎవరికి లాభించిందో ఊహించడం కష్టం కాదు. నల్లజాతి గాయని పాట చార్టు ఎక్కగానే తెల్లజాతి గాయని ఒకరు అదే పాటను, కొన్నిసార్లు అదే వాద్యవిన్యాసంతో పాడేవారు. పెద్ద రేడియో స్టేషన్లు ఆ రెండోదాన్నే వేసేవి. 1954లో రూత్ పాడిన 'ఓ వాట్ ఎ డ్రీమ్'ను ప్యాటీ పేజ్ పాడింది. అట్లాంటిక్‌లోనే ఉన్న మరో గాయని లవర్న్ బేకర్ పాట 'ట్వీడిల్ డీ'కి జార్జియా గిబ్స్ చేసిన నకలు ఎంత దగ్గరగా ఉందంటే, బేకర్ 1955లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యుడు చార్లెస్ డిగ్స్‌కు ఫిర్యాదు చేసింది. రచయితకు రక్షణ ఉంది, పాటకు రూపం ఇచ్చినవాళ్లకు లేదు, చట్టం మార్చండి అని అడిగింది. చట్టం మారలేదు.

ఇక మిగిలింది రికార్డుల అమ్మకం మీద రాయల్టీ. అసలు ముడి ఇక్కడే ఉంది. స్టూడియో అద్దె, వాద్యకారుల కూలి, వాద్యవిన్యాసం కూర్చినవాళ్ల ఫీజు, వీటన్నిటినీ కంపెనీ ముందుగా పెడుతుంది. కానీ ఆ ఖర్చు కంపెనీది కాదు, గాయని రాయల్టీలోంచి తిరిగి రాబట్టుకునే బయానా. లెక్క తెలియడానికి గుండ్రని అంకెలు ఊహించుకుందాం. రికార్డు ధర డాలరు, గాయని వాటా 4 సెంట్లు, ఒక రోజు రికార్డింగ్ ఖర్చు 1,000 డాలర్లు. ఆ ఖర్చు ఆమె వాటా నుంచి తీరాలంటే 25,000 రికార్డులు అమ్ముడుపోవాలి. అప్పటికి ఆమెకు రూపాయి ముట్టదు. కంపెనీకి మాత్రం అదే 25,000 రికార్డుల మీద దుకాణదారు వాటా, తయారీ ఖర్చు పోను మిగిలే లాభం ఎప్పుడో మొదలై ఉంటుంది. ఆ లాభం ఆమె బాకీ తీర్చదు. బాకీని కోసేది 4 సెంట్ల కత్తెరతోనే.

అక్కడితో ఆగదు. ఆ రోజు నాలుగు పాటలు రికార్డు చేసి రెండే విడుదల చేస్తే, అటకెక్కిన రెండింటి ఖర్చు కూడా ఆమె ఖాతాకే. ఒక హిట్టు బాకీ తీర్చేలోగా తరువాతి రికార్డింగ్ కొత్త బాకీ తెస్తుంది. విత్తనం, ఎరువు అరువిచ్చిన షావుకారే పంట తూచి, ధర కట్టి, పద్దు కూడా రాసుకుంటే కౌలు రైతు ఖాతా ఎలా ఉంటుందో మన పల్లెల్లో చెప్పనక్కర్లేదు. రూత్ చిన్నప్పుడు పత్తి ఏరిన అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ అదే వ్యవస్థ.

ఇది అట్లాంటిక్ కనిపెట్టింది కాదు. నాటి రికార్డు కంపెనీలన్నిటి పద్ధతీ అదే. కొన్ని చోట్ల రాయల్టీ అనే మాట కూడా ఉండేది కాదు, కొంత నగదు ఇచ్చి పంపేసేవారు. ఆ రకంగా అట్లాంటిక్ నయమన్నవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఆ పోలిక వల్ల అట్లాంటిక్ పరువు పెరుగుతుందని అనిపించదు, మిగతావాళ్ల పరువు తగ్గుతుంది, అంతే.

మరి గాయకులు ఎలా బతికారు? రోడ్డు మీద. రికార్డు వాళ్లకు జీతం కాదు, ప్రకటన. దాన్ని చూపి ఊరూరా కచేరీలు చేసేవారు. రూత్ దక్షిణాదిలో పొగాకు గోదాముల్లో పాడింది. మధ్యలో తాడు కట్టి ఒకవైపు నల్లవాళ్లు, మరోవైపు తెల్లవాళ్లు. వేదిక మీద ఆమెకు చప్పట్లు, కింద ఊళ్లో గది ఇచ్చే హోటలు లేదు. చేతికి నగదు వచ్చినంతకాలం రాయల్టీ కాగితాల్లో ఏముందో అడగాలన్న తొందర ఆ తరంలో చాలామందికి కలగలేదు. అడగవలసిన రోజు వచ్చేసరికి కచేరీలు ఆగిపోయాయి.

ఆమెకు ఆ రోజు 1960లలో వచ్చింది. 1961లో అట్లాంటిక్‌తో బంధం ముగిసింది. సంగీతం అభిరుచి మారింది. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో ఇద్దరు కొడుకులను పెంచుకుంటూ ఆమె ఇళ్లలో పనిచేసింది, స్కూలు బస్సు నడిపింది, పసిపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. అదే దశాబ్దంలో, 1967లో, అట్లాంటిక్‌ను వార్నర్ సంస్థకు 1.75 కోట్ల డాలర్లకు అమ్మేశారు. ఆ ధరలో పాత రికార్డుల గుత్త హక్కులు కూడా ఉన్నాయి. గాయకుల బాకీలు కూడా కొత్త యజమాని పుస్తకాల్లోకి అలాగే వెళ్లాయి.

1970ల మధ్యలో హాస్యనటుడు రెడ్ ఫాక్స్ ఆమెను లాస్ ఏంజెలెస్ రప్పించి నాటకాల్లోకి తిప్పాడు. తను ఇబ్బందుల్లో ఉన్న రోజుల్లో ఆమె చేసిన సాయం అతను మరచిపోలేదు. అక్కడి నుంచి టీవీ, క్లబ్బులు, మళ్లీ పాట. కచేరీల దగ్గర అభిమానులు సంతకాల కోసం తెచ్చే రికార్డుల్లో కొన్ని విదేశాల్లో అచ్చయినవి, కొన్ని కొత్త సంకలనాలు. రెండు దశాబ్దాలకు పైగా వాటి మీద ఆమెకు చిల్లిగవ్వ అందలేదు. అలా రికార్డులు పట్టుకొచ్చిన అభిమానుల్లో ఒకడు వాషింగ్టన్ న్యాయవాది హొవెల్ బెగల్. సంగతి విని నమ్మలేక, ఫీజు లేకుండా కేసు చేపట్టాడు.

కోర్టుకు వెళితే గెలుపు అంత తేలిక కాదు. పాత ఒప్పందాల మీద దావాకు కాలపరిమితి అడ్డు వస్తుంది. అందుకే ఒత్తిడి బయటి నుంచి పెంచారు. పత్రికలు, టీవీ కార్యక్రమాలు, కాంగ్రెస్ కమిటీ ముందు వాంగ్మూలం, నల్లజాతి నేతల మద్దతు. ఇందులో బెగల్ చేసిన తెలివైన పని ఏమిటంటే, దీన్ని ఒక్క గాయని గోడుగా ఉంచకుండా అదే ఖాతా పుస్తకంలో చిక్కుకున్న మిగతావాళ్లందరి పేర్లూ చేర్చడం. 1988 మేలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అట్లాంటిక్ 40 ఏళ్ల పండుగ జరగబోతోంది. తొలి తారలు అప్పుల్లో ఉండగా ఆ వేడుక ఎలా ఉంటుందో కంపెనీకి తెలియనిది కాదు. ఆ ఏడాదే అట్లాంటిక్ దిగివచ్చింది. రూత్‌తో పాటు మరో 35 మంది పాత కళాకారుల బాకీలు కొట్టేసింది. 20 ఏళ్లు వెనక్కి వెళ్లి రాయల్టీ కడతామంది. రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ అనే సంస్థ స్థాపనకు 10 లక్షల డాలర్లకు మించిన నిధి ఇచ్చింది.

ఆ 20 ఏళ్లు అన్నది గమనించాలి. అంటే 1960ల చివరి వరకు మాత్రమే. ఆమె పాటలు వేడివేడిగా అమ్ముడైన 1950-58 కాలం అందులోకి రాదు. కాబట్టి దీన్ని సంపూర్ణ న్యాయం అనలేను. అయినా రికార్డింగ్ ఖర్చు గాయకుడి తలమీద ఎప్పటికీ ఉండే బాకీ అన్న సూత్రానికి తొలిసారి గండి పడింది. తరువాతి ఏళ్లలో మరికొన్ని కంపెనీలు పాత కళాకారుల రాయల్టీ శాతాన్ని పెంచాయి. 1993లో సామ్ మూర్ తదితర గాయకులు కంపెనీలు తమ పింఛను నిధికి సరిగా జమ కట్టలేదంటూ కోర్టుకెక్కారు. రూత్ దారి చూపకపోతే ఆ ధైర్యం అంత తొందరగా వచ్చేది కాదేమో.

ఫౌండేషన్ విషయంలో నాకు కొంత మిశ్రమ భావన ఉంది. వైద్యం ఖర్చులు, అద్దెలు కట్టలేని ముసలి సంగీతకారులకు అది సాయం చేసింది, తొలితరం వారిని సత్కరించింది. 1989లో ఇచ్చిన తొలి పురస్కారాల్లో రూత్ పేరు ఉంది. కానీ హక్కుగా రావలసిన డబ్బు సాయంగా అందినప్పుడు ఇచ్చినవాడికి దాత అన్న పేరు వస్తుంది. ఆ చిక్కు అందులో మొదటి నుంచీ ఉంది.

చివరి అంకం ఆమెకు బాగానే గడిచింది. 1989లో 'బ్లాక్ అండ్ బ్లూ' సంగీత నాటకానికి టోనీ అవార్డు, ఆ తరువాతి ఏడాది గ్రామీ, 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం. అదే నాటకంలో ఆమె తరువాత ఆ స్థానంలోకి వచ్చింది లవర్న్ బేకర్. రెండు దశాబ్దాలకు పైగా ఫిలిప్పీన్స్‌లోని అమెరికా నౌకాస్థావరం క్లబ్బులో గడిపి, 1988 పండుగకు తిరిగివచ్చిన బేకర్. రూత్ 2006 నవంబరు 17న 78 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

చట్టం ఆమె వెనకే నెమ్మదిగా నడిచింది. 1995లో డిజిటల్ ప్రసారాల మీద గాయకులకు వాటా గుర్తించారు. ఇంటర్నెట్, శాటిలైట్ రేడియోల నుంచి సౌండ్ ఎక్స్ఛేంజ్ అనే రాయల్టీ సంస్థ వసూలు చేసే మొత్తంలో 50 శాతం రికార్డింగ్ యజమానికి, 45 శాతం ప్రధాన కళాకారుడికి, 5 శాతం మిగతా వాద్యకారులకు, వెనక పాడేవాళ్లకు వెళుతుంది. ముఖ్యమైన సంగతి, కళాకారుడి వాటా నేరుగా అతనికే చేరుతుంది, కంపెనీ పాత బాకీ కింద కోసుకునే వీలు లేదు. అయితే 1972 ఫిబ్రవరికి ముందు వచ్చిన రికార్డులకు ఫెడరల్ చట్టం వర్తించేది కాదు. రూత్ హిట్లన్నీ ఆ గీతకు అవతలే. 2018 అక్టోబరులో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం ఆ గీతను చెరిపేసింది. మన దేశంలోనూ 2012 సవరణ తరువాతే గాయకుల రాయల్టీ హక్కుకు పట్టు దొరికి, 2013లో ఇస్రా అనే గాయకుల సంఘం ఏర్పడింది. వసూళ్ల తగువులు ఆ తరువాత కూడా ఏళ్లపాటు నడిచాయి.

ఆ 2018 చట్టం లెక్కన 1950 నాటి 'టియర్‌డ్రాప్స్' రికార్డుకు 2060 చివరి వరకు రక్షణ ఉంటుంది. ఇంటర్నెట్ రేడియోలో మోగితే రూత్ వారసులకు వాటా వస్తుంది. మామూలు ఏఎం, ఎఫ్ఎం స్టేషన్లలో మోగితే ఇప్పటికీ రాదు. ఆ మినహాయింపు తీసేయాలన్న బిల్లులు అమెరికా కాంగ్రెస్‌లో ఒకదాని తరువాత ఒకటి వస్తున్నాయి, ప్రసార సంస్థలు అడ్డుపడుతూనే ఉన్నాయి.